కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌లు, బూస్టర్ల డబ్బు: తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ల ఇళ్లలో శనివారం మ్యాచ్ పెట్టుకుని కూర్చుంటే, మూడో క్వార్టర్ వచ్చేసరికి మాట ఆట మీద నుంచి డబ్బు మీదకి మళ్లుతుంది. "ఆ కోచ్‌కి అంత డబ్బు ఎవరిస్తారు?" అని మొదలవుతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు అడుగుతారు, కొత్తగా ఎమ్మెస్‌కి వచ్చిన పిల్లలు అడుగుతారు, ఇక్కడే ఇరవై ఏళ్లుగా ఉన్నవాళ్లూ అడుగుతారు. ప్రతిసారీ అవే సందేహాలు వస్తున్నాయని అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఫుట్‌బాల్ అంటే ఇక్కడ అమెరికన్ ఫుట్‌బాల్, సాకర్ కాదు. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ముందుగా తెలియాల్సినవి

బూస్టర్ అంటే ఎవరు? వంద డాలర్లు ఇచ్చినవాడు కూడా బూస్టరేనా?

అవును. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ లెక్కలో, క్రీడా విభాగానికో దాని అభిమాన సంఘానికో విరాళం ఇచ్చినవాళ్లు, జట్టులోకి ఆటగాళ్లను రప్పించడంలో సాయం చేసినవాళ్లు, ఆటగాళ్లకు ఉద్యోగాలు చూపించినవాళ్లు అందరూ బూస్టర్లే. ఒకసారి ఆ ముద్ర పడితే జీవితాంతం ఉంటుంది.

ఇందులో చిన్న చేతులూ ఉన్నాయి, చాలా పెద్ద చేతులూ ఉన్నాయి. సౌత్ కరోలినాలోని క్లెమ్సన్‌లో 1934లో ఐప్టే అనే సంఘం పెట్టారు. ఏడాదికి పది డాలర్లు ఇస్తాను అనే ఇంగ్లిష్ వాక్యంలోని మొదటి అక్షరాలే దాని పేరు. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆ పది డాలర్లు తక్కువేమీ కాదు. ఇంకో కొసన టి. బూన్ పికెన్స్ అనే చమురు వ్యాపారి ఉన్నాడు. 2005 చివర్లో ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ క్రీడలకు ఒక్కసారిగా 16.5 కోట్ల డాలర్లు ఇచ్చాడు. కోచ్‌ల జీతాల కథలో వినపడేది ఎక్కువగా ఈ రెండో రకం మనుషుల పేర్లే.

కాలేజీ పిల్లల ఆటకి ఇంత డబ్బేంటండీ?

మన దగ్గర యూనివర్సిటీ జట్టు అంటే ఇంటర్ యూనివర్సిటీ పోటీలకి సెకండ్ క్లాస్ స్లీపర్‌లో వెళ్లొచ్చే పిల్లలు గుర్తొస్తారు. ఇక్కడ సంగతి వేరు. అలబామా రాష్ట్రంలో ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) జట్టే లేదు. ఆ రాష్ట్రానికి అభిమానం చూపించుకోవడానికి ఉన్నవి అలబామా, ఆబర్న్ అనే రెండు యూనివర్సిటీ జట్లు. టెక్సస్ ఏ అండ్ ఎం వాళ్ల కైల్ ఫీల్డ్‌లో లక్ష మందికి పైగా పడతారు. మ్యాచ్ రోజు ఊరి జనాభా ఎంతో అంత మంది స్టేడియంలో ఉంటారు. పైగా ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చేరాలంటే హైస్కూల్ అయ్యాక మూడేళ్లు గడవాలి. ఆ మూడేళ్లూ దేశంలోని మంచి ఆటగాళ్లంతా కాలేజీల్లోనే ఆడతారు. అందుకే టీవీ డబ్బు, టికెట్ల డబ్బు, విరాళాలు అన్నీ అక్కడికే చేరతాయి.

జీతం యూనివర్సిటీ ఇస్తుంది కదా, మధ్యలో బూస్టర్లు ఎందుకు వచ్చారు?

యూనివర్సిటీ ఖజానా నుంచి వచ్చేది చాలాచోట్ల కోచ్ మొత్తం ఆదాయంలో చిన్న ముక్క. కాంట్రాక్టు తెరిస్తే మూల జీతం అని ఒక లైను ఉంటుంది. దాని కింద టీవీ, రేడియో కార్యక్రమాల్లో కనిపించినందుకు, సభల్లో మాట్లాడినందుకు, జట్టుకి ప్రచారం చేసినందుకు అని ఇంకో లైను. ఆ రెండో లైనులో అంకె మొదటిదానికి చాలా రెట్లు ఉంటుంది. ఈ భాగాన్ని కొన్నిచోట్ల క్రీడా విభాగం తన ఆదాయం నుంచి ఇస్తుంది, కొన్నిచోట్ల బూస్టర్ల ఫౌండేషన్ ఇస్తుంది. ప్రజల పన్నుల డబ్బుతో ఒక కోచ్‌కి కోట్లు ఇస్తున్నారన్న మాట పడకుండా ఈ ఏర్పాటు రాష్ట్ర నాయకులకు కూడా వీలుగా ఉంటుంది.

బూస్టర్ నేరుగా కోచ్ చేతిలో చెక్కు పెట్టచ్చా?

పెట్టకూడదు. కోచ్ జీతానికి బయటివాళ్లు నేరుగా కలిపి ఇవ్వడం, లేదా క్రమం తప్పకుండా పైన కొంత ముట్టజెప్పడం ఎన్‌సీఏఏ నిబంధనల ప్రకారం తప్పు. కానీ అదే మనిషి అదే డబ్బు యూనివర్సిటీకో దాని ఫౌండేషన్‌కో విరాళంగా ఇచ్చి, కోచ్‌కి ఎంత ఇవ్వాలో యూనివర్సిటీ నిర్ణయిస్తే అది సక్రమం.

నాకు బాధ కలిగించేది ఇక్కడే. డబ్బు ఒకటే, ఇచ్చేవాడు ఒకడే, పుచ్చుకునేవాడు ఒకడే. మధ్యలో ఒక గుమ్మం పెట్టారు. ఆ గుమ్మానికి కిటికీ కూడా పెట్టి లోపల ఏం జరుగుతోందో అందరికీ కనిపించనిస్తే నాకే అభ్యంతరమూ లేదు. చాలాచోట్ల ఆ కిటికీ మూసే ఉంటుంది.

ఇదంతా ఈమధ్య వచ్చిన పోకడేనా?

కాదు, ఆట ఎంత పాతదో ఇదీ దాదాపు అంత పాతది. 1904లో జాన్ హైస్మన్ అనే కోచ్‌ని జార్జియా టెక్ 2,250 డాలర్ల జీతంతో పాటు సొంత మైదానంలో వచ్చే టికెట్ డబ్బులో 30 శాతం వాటా ఇచ్చి తెచ్చుకుంది. 1929లో కార్నెగీ ఫౌండేషన్ నూటికి పైగా కాలేజీలు తిరిగి నివేదిక ఇచ్చింది. పూర్వ విద్యార్థులు, ఊళ్లోని వ్యాపారులు ఆటలోకి డబ్బు ఎలా దూరుస్తున్నారో అప్పుడే రాశారు. అంటే మనం ఈరోజు అడుగుతున్న ప్రశ్న దాదాపు వందేళ్ల పాతది.

## కోచ్‌ని తెచ్చుకునేటప్పుడు

కోచ్‌ని ఎంచుకునేది ప్రెసిడెంటా, డబ్బున్న దాతలా?

కాగితం మీద ప్రెసిడెంట్, అథ్లెటిక్ డైరెక్టర్. జరిగేది ఎలా ఉంటుందో చూడాలంటే ఆబర్న్ కథ చాలు. 2003 నవంబరులో ఆబర్న్ ప్రెసిడెంట్ విలియమ్ వాకర్, అథ్లెటిక్ డైరెక్టర్, ఇద్దరు ట్రస్టీలు కలిసి ఒక ప్రైవేటు జెట్‌లో చప్పుడు కాకుండా లూయీవిల్ దగ్గరికి వెళ్లారు. అక్కడి కోచ్ బాబీ పెట్రీనోని ఆబర్న్‌కి రమ్మని అడగడానికి. అప్పటికి ఆబర్న్‌కి టామీ టూబర్‌విల్ అనే కోచ్ ఉన్నాడు, అలబామాతో పెద్ద మ్యాచ్ రెండు రోజుల్లో ఉంది. ఆ మ్యాచ్ ఆబర్న్ గెలిచింది, ప్రయాణం సంగతి బయటపడింది, అభిమానులు భగ్గుమన్నారు. రెండు నెలలు తిరక్కుండా ప్రెసిడెంట్ పదవి పోయింది. టూబర్‌విల్ ఉండిపోయి, మరుసటి ఏడాది ఆడిన 13 మ్యాచ్‌లూ గెలిపించాడు. తర్వాత అదే మనిషి అలబామా నుంచి అమెరికా సెనేటర్ అయ్యాడు.

ఒక యూనివర్సిటీ ప్రెసిడెంట్ తన సొంత కోచ్‌కి తెలియకుండా అలా దొంగచాటుగా విమానం ఎక్కాడంటే, ఆయన మీద ఎంత ఒత్తిడి ఉండి ఉంటుందో ఆలోచించండి.

కోట్ల జీతాలు ఎప్పుడు మొదలయ్యాయి?

చాలామంది చెప్పే మలుపు 1982. టెక్సస్ ఏ అండ్ ఎం జాకీ షెరిల్‌ని పిట్స్‌బర్గ్ నుంచి తెచ్చుకుంది. ఆరేళ్లకి 17 లక్షల డాలర్ల పైమాటే. ఈరోజు అది చిన్న అంకె. అప్పట్లో దేశమంతా గగ్గోలు పెట్టింది, ప్రొఫెసర్లు నిరసన చెప్పారు. ఆ బేరం వెనుక యూనివర్సిటీ పాలక మండలి (బోర్డ్ ఆఫ్ రీజెంట్స్) అధ్యక్షుడు బమ్ బ్రైట్ అనే చమురు ధనికుడు ఉన్నాడు. 2007లో నిక్ సేబన్‌ని అలబామా ఎనిమిదేళ్లకి 3.2 కోట్ల డాలర్లకి తెచ్చుకుంది. 2017లో అదే ఏ అండ్ ఎం జింబో ఫిషర్‌కి పదేళ్లకి 7.5 కోట్లు రాసింది. ఇప్పుడు పెద్ద కోచ్‌లకి ఏడాదికే కోటి డాలర్లు దాటుతోంది.

జీతం కాక ఇంకేం ఇస్తారు?

ఇల్లు, కార్లు, ఖరీదైన క్లబ్బుల సభ్యత్వం, ప్రైవేటు జెట్‌లో తిరగడానికి గంటలు, స్టేడియంలో అద్దాల గది, కుటుంబానికి టికెట్లు. 2021లో బ్రయన్ కెల్లీని ఎల్‌ఎస్‌యూ (లూయిజియానా స్టేట్ యూనివర్సిటీ) పదేళ్లకి 9.5 కోట్ల డాలర్లకి తీసుకున్నప్పుడు, ఇల్లు కొనుక్కోవడానికి 12 లక్షల డాలర్ల వరకు వడ్డీ లేని అప్పు కూడా రాశారు. మిషిగన్ యూనివర్సిటీ 2016లో జిమ్ హార్బాకి జీవిత బీమా ప్రీమియం కట్టుకోవడానికి ఏడాదికి 20 లక్షల డాలర్లు అప్పు రూపంలో ఇచ్చింది. అప్పు కాబట్టి జీతం మీద పడే పన్ను దీని మీద అలా పడదు. మన ఇంటి లోను వడ్డీ ఎంతో గుర్తు చేసుకుంటే ఈ ఏర్పాట్ల విలువ అర్థమవుతుంది.

## పదవిలో ఉండగా

సేబన్ ఇల్లు బూస్టర్లే కొనిపెట్టారట, నిజమేనా?

నిజమే. అలబామా యూనివర్సిటీ ఉన్న టస్కలూసాలో సేబన్ దంపతులు 2007లో సుమారు 29 లక్షల డాలర్లకి ఇల్లు కొనుక్కున్నారు. 2013లో క్రిమ్సన్ టైడ్ ఫౌండేషన్, అంటే అలబామా క్రీడలకు విరాళాలు పోగుచేసే సంస్థ, ఆ ఇంటిని వాళ్ల దగ్గర 31 లక్షల డాలర్లకి కొనేసింది. సేబన్ దంపతులు ఇల్లు ఖాళీ చెయ్యలేదు, అందులోనే ఉన్నారు. ఆస్తి పన్ను ఫౌండేషన్ కట్టింది. సంగతి బయటికి తెలిసింది ఆ మరుసటి ఏడాది, 2014లో.

ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. సేబన్ అడిగి తీసుకున్నది అనడానికీ లేదు, ఆయన గెలిపించినన్ని టైటిళ్లు చూస్తే అభిమానులు ఇంకా ఇచ్చేవాళ్లేమో. నా అభ్యంతరం వేరు. ఒక ప్రభుత్వ యూనివర్సిటీ ఉద్యోగికి కుటుంబం ఉండే ఇల్లు ఎవరి పేరు మీద ఉందో, ఆ సంస్థకి డబ్బు ఎవరిచ్చారో, ఊళ్లో పన్ను కట్టే మనిషికి ముందే తెలియాలి. ఏడాది తర్వాత రికార్డులు వెతికిన విలేకరి చెబితే తెలియడం కాదు.

కారు డీలర్లు కోచ్‌లకి ఊరికే కార్లు ఇస్తారా?

వాడుకోవడానికి ఇస్తారు. ఊళ్లో పెద్ద డీలర్ ఒకరో ఇద్దరో కోచ్‌లకి కొత్త కార్లు ఇచ్చి, కొన్ని వేల మైళ్లు తిరిగాక వెనక్కి తీసుకుని ఇంకో కొత్తది ఇస్తారు. బదులుగా డీలర్‌కి మంచి సీట్లు, పార్కింగ్, జట్టుతో దగ్గరితనం దొరుకుతాయి. చాలా యూనివర్సిటీల్లో ఇది ఒప్పందాల్లో రాసుకున్న పద్ధతే. కోచ్‌కి పన్ను లెక్కలో అది ఆదాయమే.

సమ్మర్ క్యాంపుల డబ్బు ఎవరికి వెళ్తుంది?

చాలాచోట్ల కోచ్‌కి, లేదా కోచ్ పెట్టుకున్న కంపెనీకి. జూన్‌లో హైస్కూల్ పిల్లలు ఫీజు కట్టి యూనివర్సిటీ మైదానంలో నాలుగు రోజులు శిక్షణ తీసుకుంటారు. మైదానం, హాస్టల్ గదులు యూనివర్సిటీవి, అద్దె ఎంతన్నది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. మిగిలిన డబ్బుతో ముఖ్య కోచ్ చాలాసార్లు సహాయ కోచ్‌లకి కూడా పంచుతాడు. బూస్టర్లు ఇక్కడ చొరబడే దారి ఒకటుంది: క్యాంపుకి స్పాన్సర్‌గా డబ్బిస్తే అది చివరికి కోచ్ సొంత ఆదాయంలో కలుస్తుంది. మీ అబ్బాయిని క్యాంపుకి పంపేటప్పుడు చెక్కు ఎవరి పేరు మీద రాయమంటున్నారో చూడండి. యూనివర్సిటీ పేరా, ఏదో ప్రైవేటు కంపెనీ (ఎల్‌ఎల్‌సీ) పేరా అన్నది దాంతో తెలిసిపోతుంది.

షూ కంపెనీల డబ్బు కూడా బూస్టర్ల డబ్బేనా?

మామూలుగా కాదు, అది వ్యాపార ఒప్పందం. 1970ల చివర్లో నైకీ తరఫున సానీ వకారో అనే ఆయన కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్‌లకి నేరుగా డబ్బిచ్చి ఆటగాళ్లకి తమ షూలు వేయించడం మొదలుపెట్టాడు. తర్వాత కంపెనీలు యూనివర్సిటీ మొత్తంతో ఒప్పందాలకి మారాయి. ఆరెగాన్‌లో మాత్రం ఈ రెండూ ఒకే మనిషిలో కలిశాయి: నైకీ సహ స్థాపకుడు ఫిల్ నైట్ అక్కడి పూర్వ విద్యార్థి, ఆ క్రీడలకి అతిపెద్ద దాత కూడా.

బూస్టర్ చెప్పిన వ్యాపార చిట్కాతో కోచ్ సంపాదిస్తే తప్పా?

ఇది కోర్టు దాకా వెళ్లింది. 1981 జూన్‌లో ఓక్లహోమా కోచ్ బ్యారీ స్విట్జర్ ఒక పరుగు పందేల పోటీ చూడ్డానికి వెళ్లాడు. అతని ముందు వరుస మెట్ల మీద ఒక చమురు కంపెనీ అధిపతి తన భార్యతో మాట్లాడుకుంటున్నాడు. అతను స్విట్జర్‌కి పరిచయస్తుడే. ఫీనిక్స్ రిసోర్సెస్ అనే కంపెనీ గురించిన మాట ఆ మాటల్లో దొర్లింది. స్విట్జర్, అతని మిత్రులు షేర్లు కొని లాభపడ్డారు. బయటివాళ్లకి తెలియని లోపలి సమాచారంతో షేర్లు కొన్నారని ప్రభుత్వ సెక్యూరిటీస్ కమిషన్ కేసు వేసింది. 1984లో జడ్జి, ఆ అధిపతి కావాలని చెప్పిన మాట కాదు, యాదృచ్ఛికంగా చెవిన పడింది కాబట్టి తప్పు కాదని కొట్టేశాడు.

తీర్పు తీర్పే, స్విట్జర్ దోషి కాదు. కానీ గెలిచే కోచ్ చుట్టూ ఎలాంటి మనుషులు కూర్చుంటారో, వాళ్ల పక్కన కూర్చోవడమే ఎంత విలువైనదో ఆ కేసు చూపిస్తుంది. రియల్ ఎస్టేట్‌లో వాటా, బ్యాంకు బోర్డులో కుర్చీ, చమురు బావిలో భాగం, ఇలాంటివి ఏ జీతం స్లిప్పులోనూ కనిపించవు.

బయటి ఆదాయం గురించి కోచ్ ఎవరికైనా చెప్పాలా?

చెప్పాలి. క్రీడల వల్ల బయటినుంచి వచ్చే ఆదాయాన్ని కోచ్ ఏటా రాతపూర్వకంగా యూనివర్సిటీకి తెలపాలని ఎన్‌సీఏఏ నిబంధన. క్యాంపులు, టీవీ, రేడియో, కంపెనీల ప్రకటనలు, ఇంటి సదుపాయం, క్లబ్ సభ్యత్వాలు అన్నీ అందులోకి వస్తాయి. ఆ నివేదిక యూనివర్సిటీకి చేరుతుంది, మనకి కాదు. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే రాష్ట్ర సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ప్రైవేటు యూనివర్సిటీ అయితే ఆ దారి లేదు.

కప్పు గెలిచాక అభిమాని కోచ్‌కి బహుమతి ఇస్తే?

ప్రత్యేకమైన విజయానికి, ఉదాహరణకి చాంపియన్‌షిప్ గెలిచినందుకు, యూనివర్సిటీ విధానానికి లోబడి బయటివాళ్లు బహుమతి ఇవ్వడానికి ఎన్‌సీఏఏ నిబంధనల్లో చోటు ఉంది. ఏ విజయానికి ఇస్తున్నారో స్పష్టంగా ఉండాలి. "మీరు బాగా ఆడిస్తున్నారు, ఉంచండి" అని నెలనెలా ఇవ్వడం కుదరదు.

## గీత దాటినప్పుడు

డబ్బు తీసుకుని కేసుల్లో ఇరుక్కున్న కోచ్ ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు, అయితే కాలేజీ కోచ్ కాదు, హైస్కూల్ కోచ్. మెంఫిస్‌లోని ట్రెజెవాంట్ హైస్కూల్‌లో లిన్ ల్యాంగ్ ఫుట్‌బాల్ కోచ్. అతని జట్టులో ఒక గొప్ప ఆటగాడు ఉన్నాడు, దేశంలో అన్ని కాలేజీలూ కావాలనుకునే పిల్లవాడు. అలబామా బూస్టర్ లోగన్ యంగ్ ఆ పిల్లవాణ్ని తమ యూనివర్సిటీకి పంపించమని తనకి లక్షన్నర డాలర్లు, నగదుగా, విడతలు విడతలుగా ఇచ్చాడని ల్యాంగ్ కోర్టులో చెప్పాడు. ల్యాంగ్ 2002లో నేరం ఒప్పుకున్నాడు. యంగ్‌ని 2005లో జ్యూరీ దోషి అంది, అప్పీలు నడుస్తుండగానే 2006లో అతను చనిపోయాడు. అలబామాకి 2002లోనే ఎన్‌సీఏఏ అయిదేళ్ల ప్రొబేషన్, సీజన్ చివర ఆడే బౌల్ మ్యాచ్‌ల మీద రెండేళ్ల నిషేధం, 21 స్కాలర్‌షిప్పుల కోత విధించింది. అదే దర్యాప్తులో ఒక సహాయ కోచ్ ఆ బూస్టర్ దగ్గర అప్పు తీసుకున్న సంగతి కూడా బయటికొచ్చింది.

ఈ కథలో నన్ను కదిలించేది ఆ పిల్లవాడు. ఎక్కడ చదవాలో తను నిర్ణయించుకుంటున్నానని అనుకున్నాడు. తండ్రిలాంటి కోచ్ అతని వెనక బేరం పెట్టాడు.

ఎస్‌ఎంయూకి పడిన మరణశిక్ష ఏంటి?

మా డాలస్‌లోనే ఉన్న సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ సంగతి ఇది. బూస్టర్లు ఒక రహస్య నిధి పెట్టి ఆటగాళ్లకి నెలనెలా డబ్బిచ్చేవాళ్లు. అప్పటికే ఒకసారి శిక్ష పడి ప్రొబేషన్‌లో ఉండగా కూడా 13 మంది ఆటగాళ్లకి సుమారు 61,000 డాలర్లు ఇచ్చారని తేలింది. 1987 ఫిబ్రవరిలో ఎన్‌సీఏఏ ఆ ఏడాది సీజన్ మొత్తం రద్దు చేసింది, మరణశిక్ష అనేది దాన్నే. 1988లో ఆడే శక్తి లేక యూనివర్సిటీయే మానుకుంది. చెల్లింపులు కొనసాగించడానికి తాను ఒప్పుకున్నానని యూనివర్సిటీ పాలక మండలి అధ్యక్షుడిగా పనిచేసిన బిల్ క్లెమెంట్స్ తర్వాత చెప్పాడు. అలా చెప్పేనాటికి ఆయన టెక్సస్ గవర్నర్.

ఎస్‌ఎంయూ మళ్లీ బౌల్ మ్యాచ్ చూసింది 2009లో. హెడ్ కోచ్, అథ్లెటిక్ డైరెక్టర్ మాత్రం 1986 చివర్లో రాజీనామా చేసి సెటిల్‌మెంట్ డబ్బుతో బయటికి వెళ్లారు. మూల్యం కట్టింది ఇరవై ఏళ్లు ఓడిపోతూ వచ్చిన పిల్లలు. 2024లో అదే యూనివర్సిటీ తొమ్మిదేళ్లు టీవీ ఆదాయం వదులుకుని పెద్ద లీగ్ అయిన ఏసీసీలో చేరింది, ఆ లోటు పూడ్చింది మళ్లీ బూస్టర్లే.

ఎన్‌సీఏఏ కోచ్‌ని స్వయంగా శిక్షించగలదా?

జైలుకి పంపలేదు, జరిమానా వసూలు చేసే పోలీసు అధికారం లేదు. షో కాజ్ అనే ఉత్తర్వు ఇస్తుంది. అంటే ఆ కోచ్‌ని ఏ సభ్య కాలేజీ తీసుకున్నా, మాకెందుకు శిక్ష వేయకూడదో అని ఎన్‌సీఏఏ ముందు వివరించుకోవాలి. చాలా కాలేజీలు ఆ తలనొప్పి వద్దనుకుంటాయి. ఎన్‌ఎఫ్‌ఎల్‌కి ఆ ఉత్తర్వు వర్తించదు.

బూస్టర్ ఇచ్చిన డబ్బే మోసపు డబ్బయితే?

మయామీలో అదే జరిగింది. నెవిన్ షపీరో అనే బూస్టర్‌ని యూనివర్సిటీ నెత్తిన పెట్టుకుంది, ఆటగాళ్ల విశ్రాంతి గదికి అతని పేరు పెట్టింది. అతను నడిపింది 93 కోట్ల డాలర్ల పాంజీ స్కీమ్, అంటే కొత్తవాళ్ల డబ్బు పాతవాళ్లకి లాభంగా చూపించే మోసం, అని తర్వాత తేలింది. 2011లో ఇరవై ఏళ్ల జైలు శిక్ష పడింది. మన ఊళ్లలో చిట్టీ వేసి మునిగిపోయిన కుటుంబాలని చూసినవాళ్లకి ఆ విరాళాల వెనక ఎవరి డబ్బు ఉందో ఎవరూ చెప్పక్కర్లేదు.

## తీసేసేటప్పుడు

జింబో ఫిషర్‌ని తీసేసినందుకు నిజంగానే అన్ని కోట్లు ఇచ్చారా?

ఇస్తున్నారు. 2023 నవంబరులో ఏ అండ్ ఎం అతన్ని తొలగించింది. 2021లో కాంట్రాక్టుని 2031 దాకా పొడిగించి, మొత్తానికి గ్యారంటీ ఇచ్చేశారు. అందుకని పని లేకుండానే సుమారు 7.6 కోట్ల డాలర్లు అతనికి రావాలి. మొదటి 60 రోజుల్లో 1.9 కోట్ల పైచిలుకు, ఆ తర్వాత ఏటా సుమారు 72 లక్షలు. ఇంకోచోట ఉద్యోగం దొరికినా ఇందులో తగ్గించుకునే షరతు లేదు. డబ్బు క్రీడా విభాగం నుంచి, 12త్ మ్యాన్ ఫౌండేషన్ అనే బూస్టర్ల సంస్థ నుంచి వస్తుందని, విద్యార్థుల ఫీజులూ పన్నుల డబ్బూ ముట్టుకోమని యూనివర్సిటీ చెప్పింది.

అంత డబ్బు ఉంటే స్కాలర్‌షిప్పులకి ఇవ్వచ్చు కదా?

దాతలు ఫుట్‌బాల్ కోసమే ఇస్తారు. ఫౌండేషన్ కాగితాల్లో "క్రీడలకి మాత్రమే" అని రాసుకుంటే దాన్ని లైబ్రరీకి మళ్లించడం కుదరదు. ఈ జవాబు చట్టపరంగా సరైనదే. నాకు మాత్రం సగమే సరైనదిగా కనిపిస్తుంది. షరతు లేకుండా వచ్చిన విరాళం కూడా ఉంటుంది, దాన్ని ఎక్కడ పెట్టాలన్నది మనుషులు తీసుకునే నిర్ణయమే. ప్రెసిడెంట్ ఆ దాతలతో భోజనానికి కూర్చున్నప్పుడు ఏం అడుగుతున్నాడన్నదీ నిర్ణయమే.

ఈ విరాళాలకి పన్ను మినహాయింపు ఉందా?

1988 నుంచి 2017 దాకా ఒక వింత సదుపాయం ఉండేది. సీజన్ టికెట్ కొనే హక్కు కోసం ఇచ్చే విరాళంలో 80 శాతం పన్ను నుంచి మినహాయించుకోవచ్చు. 2017 పన్ను చట్టం దాన్ని తీసేసింది. సీటుతో సంబంధం లేని విరాళానికి మినహాయింపు ఇప్పటికీ ఉంది. అదే చట్టం, పది లక్షల డాలర్లు దాటి జీతం ఇచ్చే లాభాపేక్ష లేని సంస్థల మీద దాటిన మొత్తానికి 21 శాతం పన్ను పెట్టింది. అది సంస్థ కడుతుంది, కోచ్ కాదు.

## ఇప్పుడు, మన ఇళ్లలో

ఆటగాళ్లకే డబ్బులిస్తున్నారు కదా, కోచ్‌ల సంగతి మారిందా?

ఆటగాళ్ల సంగతి నిజంగా మారింది, మారాల్సిందే. 2021 జూలై నుంచి తమ పేరు, రూపం మీద సంపాదించుకోవచ్చు. ఆటగాళ్లు వేసిన కేసులో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్ ప్రకారం ఒక్కో యూనివర్సిటీ ఆటగాళ్లకి నేరుగా డబ్బు పంచవచ్చు, మొదటి ఏడాది 2025-26లో ఆ హద్దు సుమారు 2.05 కోట్ల డాలర్లు. 1986లో ఎస్‌ఎంయూ చేసినందుకు నాశనమైపోయిన పనిలో చాలా భాగం ఈరోజు కాగితం మీద సంతకం పెట్టి చేసుకోవచ్చు.

కోచ్‌ల వైపు వేగం తగ్గలేదు. 2025 అక్టోబరులో ఎల్‌ఎస్‌యూ బ్రయన్ కెల్లీని తొలగించినప్పుడు చెల్లించాల్సినది సుమారు 5.4 కోట్ల డాలర్లని లెక్క తేలింది. ఇప్పుడు ఒకే దాతని కోచ్ బైఅవుట్‌కీ (తీసేసిన కోచ్‌కి ఇవ్వాల్సిన డబ్బుకి) ఆటగాళ్లకీ రెంటికీ అడుగుతున్నారు. అడిగే చేతులు పెరిగిన కొద్దీ, ఇచ్చే మనిషి మాటకి బరువు పెరుగుతోంది.

మా అబ్బాయి ఎమ్మెస్ ఫీజులో అథ్లెటిక్స్ ఫీజు ఉంది. అది కోచ్‌కి వెళ్తుందా?

యూనివర్సిటీని బట్టి ఉంటుంది. బూస్టర్లు, టీవీ డబ్బు దండిగా ఉన్న పెద్ద జట్లకి చాలావరకు విద్యార్థుల ఫీజు అక్కర్లేదు. మధ్యరకం, చిన్న యూనివర్సిటీల్లో క్రీడా బడ్జెట్‌లో పెద్ద వాటా ఆ ఫీజే. మా మేనల్లుడి ఫీజు రసీదు నేనే కూర్చుని చూశాను. సెమిస్టర్‌కి వందల డాలర్లు, ఆ లైను తీసెయ్యమంటే కుదరదన్నారు. రాత్రిళ్లు గ్యాస్ స్టేషన్ పక్కన రూమ్‌లో నలుగురితో ఉంటూ, బియ్యం మూట వాటాలేసుకుని కొనుక్కునే పిల్లాడు, ఒక్క మ్యాచ్ కూడా చూడని వాడు, కడుతున్నాడు. అడ్మిషన్ తీసుకునే ముందే ఆ యూనివర్సిటీ ఫీజుల పట్టికలో ఈ లైను ఎంతుందో చూసుకోండి.

ఏ కోచ్‌కి ఎవరిచ్చారో నేనెలా తెలుసుకోవాలి?

బూస్టర్ల ఫౌండేషన్లు ఎక్కువగా లాభాపేక్ష లేని సంస్థలు. అవి ఏటా ఇక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి ఫారం 990 ఇవ్వాలి, అది ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడవచ్చు. అందులో షెడ్యూల్ జె అనే పేజీ తెరవండి. మొదటి ప్రశ్న దగ్గరే చిన్న చిన్న గళ్లు ఉంటాయి: చార్టర్ ప్రయాణం, ఇంటి సదుపాయం, క్లబ్ రుసుములు, వంటమనిషి, డ్రైవర్ లాంటి సేవలు. టిక్ పెట్టి ఉన్న గడి ఏదో చూడండి. దాతల పేర్లు మాత్రం అందులో కనిపించవు. ప్రభుత్వ యూనివర్సిటీ కోచ్ కాంట్రాక్టు కావాలంటే ఆ రాష్ట్ర సమాచార చట్టం కింద ఈమెయిల్ రాసి అడగవచ్చు, దానికి లాయర్ అక్కర్లేదు.

మా పిల్లల హైస్కూల్ కోచ్‌కి దీపావళికో, సీజన్ చివరో గిఫ్ట్ ఇవ్వచ్చా?

టెక్సస్ ప్రభుత్వ బడుల్లో పోటీలను నడిపే యూఐఎల్ దీనికి హద్దు పెట్టింది. కోచ్ తన పనికి మెచ్చుకోలుగా ఒక క్యాలెండర్ ఏడాదిలో అందరి దగ్గరా కలిపి 500 డాలర్లకి మించి తీసుకోకూడదు. ఒక్కొక్కరికి 500 కాదు, మొత్తం కలిపి. ఫ్రిస్కోలో, ప్లేనోలో మనవాళ్లు పదిమంది కలిసి తలా వంద వేసుకుని గిఫ్ట్ కార్డు ఇద్దామనుకుంటే, ప్రేమతో ఇచ్చిందే అయినా కోచ్‌ని ఇబ్బందిలో పడేస్తారు. బూస్టర్ క్లబ్‌కి చెక్కు రాయండి, అది ఎలా ఖర్చయిందో మీటింగ్‌లో అడగండి. కోచ్‌కి మాత్రం పిల్లల చేత ఒక ఉత్తరం రాయించి, ఒక డబ్బా సున్నుండలు పంపించండి.